లింఫోమా రిపోర్టులో చుట్టూ ఉన్న కణాల గురించి కూడా రాయండి: పాథాలజీ డాక్టర్లకి, ఆరోగ్యశ్రీ అధికారులకి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని పాథాలజిస్టులకి, బ్లడ్ క్యాన్సర్లు చూసే డాక్టర్లకి, ఆరోగ్యశ్రీ (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ప్యాకేజీల్లో ఏ టెస్టు ఉండాలో ఏది అక్కర్లేదో నిర్ణయించే అధికారులకి నమస్కారం.

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. స్లైడు మీ మైక్రోస్కోప్ కిందకి వచ్చేదాకా జరిగే పనంతా మాదే, ముక్కని ప్రాసెసర్‌లో పెట్టడం, మైనంలో బ్లాక్ చెయ్యడం, మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంతో కొయ్యడం, స్టెయిన్ వెయ్యడం. డయాగ్నసిస్ చెప్పే చదువు నాది కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ ఇన్నేళ్ళుగా లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో మొదలయ్యే రక్త కణాల క్యాన్సర్) స్లైడ్లు కోస్తూ, మా మేడం గారు ఓపిగ్గా చూపిస్తుంటే చూస్తూ, ఆవిడ ఇచ్చిన పేపర్లు చదువుతూ ఉండగా నాకు ఒక విషయం బాగా పట్టుకుంది, అది మీ అందరినీ అడగాలని ఈ లెటర్ రాస్తున్నా.

లింఫోమా రిపోర్టు తీసి చూడండి, అందులో ఉన్నదంతా క్యాన్సర్ కణం గురించే. అది బీ కణమా టీ కణమా, సీడీ20 పాజిటివా, సీడీ30 పాజిటివా (ఇవి కణం మీద ఉండే గుర్తులు), కేఐ-67 (పెరుగుతున్న కణాలు) ఎంత శాతం. ఆ కణం చుట్టూ ఉన్నవాటి గురించి మాత్రం "రియాక్టివ్ లింఫోసైట్లు, హిస్టియోసైట్లు కనిపిస్తున్నాయి" అని ఒక్క లైను ఉంటుంది, చాలా రిపోర్టుల్లో ఆ లైను కూడా ఉండదు. ఆ చుట్టూ ఉన్నవి క్యాన్సర్ కణాలు కావు, పేషెంటు సొంత ఇమ్యూన్ కణాలు, టీ కణాలు, మాక్రోఫేజ్‌లు (వేరే కణాల్ని మింగే కణాలు, హిస్టియోసైట్లన్నా ఇవే), ఈసినోఫిల్స్, ప్లాస్మా కణాలు. పేషెంటు ఎన్నేళ్ళు బతుకుతాడు, మందు పనిచేస్తుందా లేదా అన్నది కొంతవరకు వీటి మీద కూడా ఆధారపడి ఉంటుందని ఇరవై ఏళ్ళ కిందటే బయటపడింది, అయినా మన రిపోర్టుల్లో వీటికి చోటు రాలేదు.

హాడ్జ్‌కిన్ లింఫోమా సంగతే తీసుకోండి. థామస్ హాడ్జ్‌కిన్ ఈ జబ్బు గురించి రాసింది 1832లో, ఇందులో కనిపించే పెద్ద కణాల్ని స్టెర్న్‌బెర్గ్ 1898లో, డొరొతీ రీడ్ 1902లో వివరించారు, అందుకే వాటికి రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలని పేరు. క్లాసికల్ హాడ్జ్‌కిన్ గడ్డలో అసలు క్యాన్సర్ ఈ కణాలే, కానీ మొత్తం గడ్డలో ఇవి మామూలుగా ఒకటి నుంచి ఐదు శాతం, ఒక్కోసారి ఒక శాతం కూడా ఉండవు. మిగతా తొంభై అయిదు శాతం పైన ఉన్నదంతా చుట్టూ చేరిన ఇమ్యూన్ కణాలే. తిరనాళ్ళలో నలుగురైదుగురు దొంగలు దూరితే చుట్టూ వందలమంది జనం ఉన్నట్టు, ఆ జనంలో పోలీసులూ ఉంటారు, దొంగలకి అడ్డంగా నిలబడి దాచేవాళ్ళూ ఉంటారు. మేడం మొదటిసారి ఆ కణాన్ని చూపించినప్పుడు, పెద్ద పెద్ద న్యూక్లియోలస్‌లు రెండు కళ్ళలా మన వైపే చూస్తున్నట్టుండే ఆ కణం కోసం స్లైడంతా వెతకాల్సి వచ్చింది, చుట్టూ ఉన్నవి మాత్రం వెతక్కుండానే వేలల్లో కనిపించాయి.

అవి ఊరికే వచ్చి చేరినవి కూడా కావు. రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణం టార్క్ అనే కెమోకైన్ (కణాల్ని పిలిచే రసాయనం) వదిలి కొన్ని రకాల టీ కణాల్ని తన చుట్టూ పిలిపించుకుంటుంది, ఐఎల్-5 లాంటివి వదిలి ఈసినోఫిల్స్‌ని రప్పిస్తుంది, చేరిన కణాల నుంచే తను బతకడానికి కావాల్సిన సిగ్నల్స్ తీసుకుంటుంది. చుట్టూ ఈ కణాలు లేకపోతే దానికి బతకడం చాలా కష్టం, ల్యాబ్‌లో విడిగా పెంచడం అంత ఇబ్బంది కావడానికి ఇదొక కారణం. పేషెంటుకి సాయంత్రం జ్వరం రావడం, రాత్రిళ్ళు బట్టలు తడిసేలా చెమట పట్టడం, బరువు తగ్గడం, ఇవి కూడా చాలావరకు ఈ కణాల మధ్య నడిచే సైటోకైన్ల (కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సిగ్నల్స్) వల్లే.

2004లో ఫాలిక్యులర్ లింఫోమా (బీ కణాల నుంచి వచ్చే, నెమ్మదిగా పెరిగే ఇంకో రకం) మీద న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో లూయిస్ స్టాట్ గారి టీమ్ చేసిన పని. ట్రీట్‌మెంట్ మొదలవ్వకముందు తీసిన 191 బయాప్సీల్లో ఏ జీన్లు పనిచేస్తున్నాయో చూసి, వాటిని బట్టి పేషెంట్లని నాలుగు గ్రూపులు చేశారు. బాగున్న గ్రూపులో మధ్యస్థ ఆయుష్షు 13.6 ఏళ్ళు, అన్నిటికన్నా కింద ఉన్న గ్రూపులో 3.9 ఏళ్ళు. ఒకటే జబ్బు, అదే పేరు, మైక్రోస్కోప్ కింద చూస్తే ఒకలాగే ఉంటుంది, పదేళ్ళ తేడా. ఆ తేడా క్యాన్సర్ కణాల జీన్లలో దొరుకుతుందనే ఎవరైనా అనుకుంటారు, కానీ దొరికింది గడ్డలోకి చేరిన క్యాన్సర్ కాని ఇమ్యూన్ కణాల జీన్లలో. టీ కణాల జీన్లు ఎక్కువగా ఉన్న తీరుకి ఇమ్యూన్ రెస్పాన్స్-1 అని పేరు పెట్టారు, అది ఉన్నవాళ్ళు బాగున్నారు. మాక్రోఫేజ్, డెండ్రిటిక్ కణాల జీన్లు ఎక్కువగా ఉన్నది ఇమ్యూన్ రెస్పాన్స్-2, అది ఉన్నవాళ్ళకి బాగా లేదు. నా మటుకు నాకు లింఫోమా గురించి చదివినవాటిలో ఇంతకన్నా పెద్ద విషయం లేదు.

మరుసటి ఏడాది 2005లో కెనడాలో వాంకూవర్ వాళ్ళు జీన్ల మెషిన్ ఏదీ లేకుండా, మా లాంటి మామూలు ల్యాబ్‌లో కూడా చెయ్యగలిగే సీడీ68 స్టెయిన్ (మాక్రోఫేజ్‌లకి రంగు పట్టించేది) వేసి, ఫాలిక్యులర్ లింఫోమాలో హై పవర్ ఫీల్డుకి (మైక్రోస్కోప్‌లో పెద్దది చేసినప్పుడు ఒకసారి కనిపించే మేరకి) 15 కన్నా ఎక్కువ మాక్రోఫేజ్‌లు ఉన్నవాళ్ళు త్వరగా పోతున్నారని చూపించారు. అంటే మాక్రోఫేజ్ ఎక్కువుంటే చెడ్డది అన్నమాట.

కానీ రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు వచ్చాక లెక్క మారిపోయింది. 2007లో ఫిన్లాండ్ వాళ్ళు రిటుక్సిమాబ్ కలిపిన కీమో తీసుకున్న ఫాలిక్యులర్ పేషెంట్లని చూస్తే మాక్రోఫేజ్‌లు ఎక్కువున్నవాళ్ళే బాగున్నారు. తర్వాత ఫ్రాన్స్ ట్రయల్లో కూడా, ఒట్టి కీమో తీసుకున్న గ్రూపులో మాక్రోఫేజ్‌ల వల్ల కనిపించిన చెడు రిటుక్సిమాబ్ తీసుకున్న గ్రూపులో కనిపించలేదు. దీనికి కారణం కూడా అర్థమయ్యేదే, రిటుక్సిమాబ్ వెళ్ళి క్యాన్సర్ కణం మీద సీడీ20కి అతుక్కుంటుంది, అలా గుర్తు పడ్డ కణాన్ని పట్టుకుని మింగే పని చేసేవాళ్ళలో ముఖ్యమైనది మాక్రోఫేజే. మందు లేనప్పుడు క్యాన్సర్‌కి సాయపడిన కణమే మందు వచ్చాక మన వైపు పనిచేస్తోంది. ఇక్కడ తెలుగువాళ్ళుగా మనకి సంబంధించిన సంగతి ఒకటుంది, రిటుక్సిమాబ్‌ని తక్కువ ఖరీదులో రెడిటక్స్ పేరుతో 2007లో తెచ్చింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ వాళ్ళే. ఆ మందు మన దగ్గర ఎంతో మందికి ఎక్కింది, వాళ్ళ గడ్డల్లో మాక్రోఫేజ్‌లు ఎన్ని ఉన్నాయి, ఎవరు బాగున్నారు, ఎవరికి తిరగబెట్టింది అని కలిపి చూసే రికార్డు మన చేతిలో ఉండి ఉంటే ఎంత ఉపయోగం ఉండేది!

హాడ్జ్‌కిన్‌లో కూడా ఇదే దారి. 2010లో మళ్ళీ వాంకూవర్ నుంచే వచ్చిన పేపర్‌లో, సీడీ68 కణాలు 5 శాతం కన్నా తక్కువ ఉన్న ఎర్లీ స్టేజ్ పేషెంట్లలో హాడ్జ్‌కిన్ వల్ల ఎవరూ చనిపోలేదు. అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ బ్లాకుల మీద చూసినా మాక్రోఫేజ్‌లు ఎక్కువుంటే ఫలితం తక్కువగానే వచ్చింది. కానీ బ్రెజిల్ పరిశోధకులు 2012లో తమ పేషెంట్లని చూస్తే అలాంటి సంబంధం ఏదీ కనపడలేదన్నారు. ఈ బ్రెజిల్ పేపర్ గురించి నేను చాలా ఆలోచించా. వాంకూవర్‌లో వచ్చిన లెక్క బ్రెజిల్‌లో రాకపోతే మరి మన దగ్గర వస్తుందా?

మన పేషెంట్లు వేరు అనడానికి గట్టి కారణాలున్నాయి. మన దేశంలో హాడ్జ్‌కిన్ పేషెంట్లలో, ముఖ్యంగా పిల్లల్లో, ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాజిటివ్ వచ్చేవాళ్ళు యూరప్ అమెరికాల కన్నా చాలా ఎక్కువ. ఆ వైరస్ ఉన్న గడ్డలో చుట్టూ చేరే కణాల తీరే మారుతుంది, ఆ వైరస్ ప్రోటీన్ ఎల్‌ఎమ్‌పీ1 ఇమ్యూన్ కణాల్ని ఆపేసే పీడీ-ఎల్1 అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా పెంచుతుంది. దానికి తోడు మనవాళ్ళు హాస్పిటల్‌కి వచ్చేసరికే జబ్బు ముదిరి ఉంటుంది, రక్తం తక్కువ, తిండి తక్కువ, ఇవన్నీ ఇమ్యూనిటీ మీద పడేవే. ఇలాంటి పేషెంట్లకి వేరే దేశం కటాఫ్ తెచ్చి అంటించడం నాకూ సమ్మతం కాదు, అందుకే ట్రీట్‌మెంట్ మార్చండి అని నేను అడగట్లేదు, లెక్క రాసిపెట్టండి అంటున్నా.

స్టెయిన్‌లో ఉన్న ఇబ్బందులు నాకు తెలియనివి కావు, రోజూ చేసేది అదే. సీడీ68లో కేపీ1 క్లోన్ (యాంటీబాడీలో ఒక రకం) వేస్తే ఒకలా, పీజీ-ఎమ్1 క్లోన్ వేస్తే ఒకలా పడుతుంది, సీడీ163 వేస్తే మాక్రోఫేజ్‌లు ఇంకాస్త స్పష్టంగా తెలుస్తాయి, ఒకే స్లైడుని ఇద్దరు లెక్కపెడితే రెండు నంబర్లు వస్తాయి. అందుకే రెండు మూడు సెంటర్లు కూర్చుని ఏ క్లోన్ వెయ్యాలి, ఎన్ని ఫీల్డులు చూడాలి, ఎలా రాయాలి అని ఒక పద్ధతి అనుకుంటే తప్ప ఇది సాగదు. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జే, నిమ్స్, విశాఖ హోమీ భాభా, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల దీనికి కావాల్సిన పెద్దవాళ్ళు ఉన్నారు.

ఇదంతా రీసెర్చ్ వాళ్ళ గొడవలే, పేషెంటుకి ఒరిగేదేముంది అని ఎవరైనా అంటే నివొలుమాబ్ అనే మందు సంగతి చెప్తాను. రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాల్లో 9వ క్రోమోజోమ్‌లో ఒక భాగం కాపీలు పెరగడం వల్ల పీడీ-ఎల్1 విపరీతంగా తయారవుతుంది, అది చుట్టూ ఉన్న టీ కణాల మీది పీడీ-1కి తగిలి వాటిని పనిచెయ్యనివ్వదు. 2017లో వచ్చిన ఒక పేపర్‌లో గడ్డలో పీడీ-ఎల్1 ఉన్న కణాల్లో ఎక్కువ భాగం మాక్రోఫేజ్‌లేననీ, అవి రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలకి ఆనుకుని చేరి ఉన్నాయనీ చూపించారు. అంటే దొరకని కణానికి కాపలా ఎవరో కనపడింది. పీడీ-1ని అడ్డుకునే నివొలుమాబ్ ఇస్తే, అప్పటికే ఎన్నో రకాల ట్రీట్‌మెంట్లు అయిపోయి ఇంక దారి లేదనుకున్న 23 మంది హాడ్జ్‌కిన్ పేషెంట్లలో 87 శాతం మందికి గడ్డలు తగ్గాయని 2015లో వచ్చింది. ఇప్పుడు 3, 4 స్టేజుల్లో మొదటి ట్రీట్‌మెంట్‌గానే, ఏవీడీ కీమోతో నివొలుమాబ్ కలిపి ఇస్తే రెండేళ్ళకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు 92 శాతం, దాని బదులు బ్రెంటుక్సిమాబ్ (సీడీ30 ఉన్న కణాల్ని చంపే మందు) కలిపినవాళ్ళలో 83 శాతం, ఇది 2024లో వచ్చిన లెక్క. పీడీ-1ని కనిపెట్టిన తసుకు హోంజోకి 2018లో ఇంకొకరితో కలిపి నోబెల్ వచ్చింది. క్యాన్సర్ కణాన్ని సూటిగా చంపకుండా చుట్టూ ఉన్న కణాల కట్లు విప్పితే జబ్బు తగ్గిందంటే, ఆ కణాల గురించి రాయడానికి రిపోర్టులో నాలుగు లైన్లు లేకపోవడం ఎంత అన్యాయం.

ఆ మందు ఖరీదు మన జనానికి అందేది కాదని తెలుసు. అయినా రష్యాలో 40 మిల్లీగ్రాముల చిన్న డోసుతో తిరగబెట్టిన హాడ్జ్‌కిన్‌లో మంచి ఫలితాలు చూపించారు, ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు తల, మెడ క్యాన్సర్లలో మూడు వారాలకి 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి ఏడాదికి బతికున్నవాళ్ళని 16 శాతం నుంచి 43 శాతానికి తెచ్చారు. ఎవరికి చిన్న డోసు చాలు అన్నది తేల్చాలన్నా మళ్ళీ గడ్డలో ఏముందో చూసుకోవాల్సిందే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయానికొస్తా. ఈ చుట్టూ ఉన్న కణాలే మన దగ్గర డయాగ్నసిస్‌ని కూడా దారి తప్పిస్తున్నాయి. హాడ్జ్‌కిన్ గడ్డలో క్యాన్సర్‌కి స్పందనగా ఇమ్యూన్ కణాలు గ్రాన్యులోమాలు (ఇమ్యూన్ కణాల చిన్న గుంపులు, టీబీలో కూడా ఇవి కనిపిస్తాయి) కట్టడం ఉన్నదే. సూది పరీక్ష చేస్తే ఆ గ్రాన్యులోమాలు సూదిలోకి వస్తాయి, రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణం రాదు, రిపోర్టులో గ్రాన్యులోమేటస్ లింఫడినైటిస్ అని పడుతుంది, టీబీ మందులు మొదలవుతాయి. మా బంధువుల అబ్బాయికి సరిగ్గా ఇదే జరిగింది, ఒక హాస్పిటల్లో మెడలో బిళ్లలకి సూది పరీక్ష ఒక్కటే చేసి నెలల తరబడి టీబీ మందులు వాడించారు, బిళ్లలు తగ్గకపోగా చంకల్లోకి, ఛాతీలోకి వచ్చాయి, వేరే చోట గడ్డ మొత్తం తీసి చూస్తే హాడ్జ్‌కిన్. అప్పటికి 4వ స్టేజ్. వాడు కీమో పూర్తి చేసుకుని ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, కానీ అందరికీ అలా కుదరదు కదా. ఇది చదివి టీబీ మందులు ఎవరూ మానెయ్యొద్దు, మన దగ్గర మెడ బిళ్లల్లో టీబీ చాలా ఎక్కువ, టీబీ లింఫోమా రెండూ కలిసి ఉన్న కేసులూ ఉన్నాయి. టీబీ క్రిమి పరీక్షలో దొరకనప్పుడు, మందులు వాడుతున్నా బిళ్ల పెరుగుతున్నప్పుడు, మళ్ళీ సూది గుచ్చకుండా గడ్డ తీసి పంపండి అని డాక్టర్లని వేడుకుంటున్నా. సూదితో కణాలు వస్తాయి గానీ ఏ కణం పక్కన ఏ కణం ఉందో రాదు, లింఫోమాలో సగం సమాచారం ఆ పక్కపక్క అమరికలోనే ఉంది.

సర్జన్లకి ఒక మాట. దయచేసి గడ్డ తీసేముందు స్టెరాయిడ్ మొదలుపెట్టించొద్దు, అది క్యాన్సర్ కణాల్నీ చుట్టూ ఉన్న లింఫోసైట్లనీ కరిగించేస్తుంది, మాకు వచ్చేసరికి చూడ్డానికి ఏమీ మిగలదు. తీసిన నోడ్‌ని ఇరుకు మూతి సీసాలో కుక్కి కొంచెం ఫార్మలిన్ పోసి పంపిస్తే పైన ఫిక్స్ అవుతుంది, లోపల కుళ్ళుతుంది, ఫార్మలిన్ లోపలికి దిగేది గంటకి ఇంచుమించు ఒక మిల్లీమీటరే. వెంటనే ల్యాబ్‌కి పంపండి, లేదా నోడ్‌ని రెండుగా కోసి సరిపడా బఫర్డ్ ఫార్మలిన్‌లో వెయ్యండి. సరిగ్గా ఫిక్స్ కాని ముక్క మీద ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా దండగే, అలాంటివి వచ్చిన రోజు మాకు ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆ పేషెంటు మెడ మీద మళ్ళీ కత్తి పెట్టాలి.

ఆరోగ్యశ్రీ అధికారులకి నా విన్నపం ఏంటంటే, లింఫోమా అనుమానం ఉన్న ప్రతి కేసులో గడ్డ మొత్తం తీసే బయాప్సీకి, అది కుదరకపోతే కోర్ బయాప్సీకి (లావు సూదితో ముక్క తీసేది), పూర్తి ఐహెచ్‌సీ (యాంటీబాడీ స్టెయిన్ల) ప్యానెల్‌కి డబ్బు ట్రీట్‌మెంట్ ప్యాకేజీతో పాటే వచ్చేలా చూడండి, డయాగ్నసిస్ అయ్యాక కాదు, డయాగ్నసిస్ కోసమే. ఆ ప్యానెల్లో సీడీ3, సీడీ20, సీడీ30, సీడీ15 వీటితో పాటు హాడ్జ్‌కిన్‌లో ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) పరీక్ష, సీడీ68 గానీ సీడీ163 గానీ చేర్చండి. కీమోకయ్యే ఖర్చు ముందు ఒక యాంటీబాడీ స్లైడు ఖర్చు చాలా చిన్నది.

పాథాలజీ డాక్టర్లకి, రిపోర్టు చివర్లో ఒక పేరా కేటాయించండి. టీ కణాలు ఎక్కువా తక్కువా, క్యాన్సర్ కణాల మధ్యలోకి వెళ్ళాయా అంచున ఆగిపోయాయా, మాక్రోఫేజ్‌లు ఎంత శాతం, ఈసినోఫిల్స్, గ్రాన్యులోమాలు ఉన్నాయా. ఈ వేళ ఆంకాలజిస్ట్ దాన్ని చదివి మందు మార్చకపోవచ్చు, మార్చకూడదు కూడా, ఇప్పటికి జబ్బు ఎలా సాగుతుందో అంచనా వేసే ఐపీఐ లాంటి స్కోర్లలో వీటికి చోటు లేదు. కానీ అయిదేళ్ళ తర్వాత పేషెంటు ఎలా ఉన్నాడో ఆ పేరా పక్కన పెట్టి చూస్తే మన వాళ్ళ లెక్క మనకి వస్తుంది. పెద్ద బీ కణ లింఫోమాలో 2021లో చుట్టూ ఉన్న కణాల్ని బట్టే నాలుగు రకాలు చేశారు, అందులో ఇమ్యూన్ కణాలు ఇంచుమించు ఖాళీ అయిపోయిన రకానికి ఫలితం అన్నిటికన్నా తక్కువ. మన దగ్గర ఆ ఖాళీ రకం ఎంతమందికి ఉందో చూడాలి కదా.

ఆంకాలజిస్టులకి, ఫాలో అప్ రాయండి, పేషెంటు రాకపోతే ఫోన్ చేయించండి, ఎందుకంటే మీ దగ్గర పేషెంటు కబురు ఉంది, మా దగ్గర బ్లాక్ ఉంది, ఈ రెండూ ఒక్కసారి కూడా కలవట్లేదు.

మా ర్యాకుల్లో ఏళ్ళ తరబడి లింఫోమా బ్లాకులు ఉన్నాయి, మీ అందరి ర్యాకుల్లోనూ ఉంటాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, పేర్లు తీసేసి, ఆ పాత బ్లాకుల మీద మొదట హాడ్జ్‌కిన్‌తో మొదలుపెడితే బాగుంటుందని నా ఉద్దేశం, మైనంలో ఉన్న ముక్క అన్నేళ్ళయినా స్టెయిన్ తీసుకుంటుంది. ఏ సెంటరైనా ముందుకొస్తే సెక్షన్లు కొయ్యడానికి, కోటెడ్ స్లైడ్లు పెట్టడానికి, కేసు నంబర్లు సరిచూడ్డానికి డ్యూటీ అయ్యాక నేను ఉంటా, నాతో పనిచేసే పిల్లల్లో కొందరు కూడా ఉంటామన్నారు. ఏ క్లోన్ ఆర్డర్ పెట్టాలో మీరు తేల్చి చెప్పండి.

ఇట్లు,
ఒక హిస్టోపాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్